అద్దం మీద మఫ్లర్

"అద్దం మీద మఫ్లర్ కప్పింది నువ్వేనా, నాయిల్?"

టీవీ ప్రసార టెక్నీషియన్ నాయిల్ గబ్దూలిన్ తలెత్తి చూశాడు. రెండు రోజులుగా అడిగిందే అడిగి అతన్ని పిండేశారు. హాకీ కామెంటేటర్ షాద్రిన్‌తో ఎందుకు గొడవపడ్డావు? ఆయన్ని కొట్టిన లైటు స్టాండు మీద నీ వేలిముద్రలు ఎలా వచ్చాయి? చేతులకు రక్తం ఎక్కడిది? ఈ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నేను కాదు. తలుపు తీసేసరికే కప్పి ఉంది," అన్నాడు.

రిమ్మా అర్కాద్యెవ్నా చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. హబరోవ్స్క్ నేర పరిశోధన విభాగంలో ఆమెకు తొందరపడదన్న పేరుంది. ఇవాళ మాత్రం లోపల ఒకటే ఆత్రంగా ఉంది. సాయంత్రం ఆరింటికి కోర్టు. న్యాయమూర్తి సంతకం పడిందంటే ఈ కుర్రాడు హత్యానేరం కింద నేరుగా జైలుకెళ్తాడు. ఆ పైన విచారణ ఎప్పటికి తేలుతుందో దేవుడికే తెలియాలి.

"సరిగ్గా చెప్పు. లోపలికి వెళ్లావు. మొట్టమొదట ఏం చూశావు?"

"అద్దాన్నే. తలుపు తీస్తే ముందు కనబడేది అదే. దాని మీద ఆయన నీలం మఫ్లర్ వేలాడుతోంది. మనవాళ్లు అద్దం ఎప్పుడు కప్పుతారు చెప్పండి? గుండె ఝల్లుమంది. ఎవరు పోయారా అని చుట్టూ చూశాను. అప్పుడు కనిపించారు, కోట్లు తగిలించే మూలలో, నేల మీద. లేవదీయబోయాను. రక్తం అలా అంటుకుంది. ఆ లైటు స్టాండంటారా, రోజూ నిలబెట్టేది నేనే."

"అద్దం చూశాకా శవాన్ని చూసింది?"

"అవును. ఏం, అది ముఖ్యమా?"

రిమ్మాకు తన మీద తనకే ఒళ్లు మండింది. మొదటి రోజు తీసిన ఫొటో ఆమె ఫైల్లోనే ఉంది. అద్దం, దాని మీద నీలం మఫ్లర్. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. మనిషి పోయిన గదిలో అద్దం కప్పడం ఈ ఊళ్లో చేతులు వాటంతటవే చేసే పని, దానికి మెదడు అక్కర్లేదు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా. ఈ పొద్దున టీ కలుపుకుంటుంటే తట్టింది, ఇంతకీ ఎవరు కప్పారు? డాక్టర్‌కి ఫోన్ చేస్తే సార్జంట్ అనుకున్నానన్నాడు. సార్జంట్‌ని అడిగితే గది ఊడ్చే ఆవిడేమో అన్నాడు. ఆవిడేమో తాను ఆ గదిలోకే వెళ్లలేదని లబోదిబోమంది.

నాయిల్ నిజమే చెబుతున్నట్టయితే, అతనికంటే ముందే ఆ చావు సంగతి తెలిసిన మనిషి ఒకడున్నాడు.

"నిన్ను నమ్మమంటావు. కోర్టులో ఏం చూపించను? నా నమ్మకమా?"

"రికార్డు చూపించండి. కామెంటరీ గదిలో కెమెరా ఉంది కదా. ఆట ఏడింటికైతే లైన్ మేం ఐదింటికే తెరుస్తాం. ఆ క్షణం నుంచి ఆ కెమెరా ఏం చూస్తే అది కొండ మీద మా సెంటర్‌కి వెళ్తూనే ఉంటుంది. రేపు చానెల్‌వాళ్లు బొమ్మ చెడిందని మా మీద పడితే చూపించడానికి అక్కడ రికార్డు చేస్తాం."

"రెండు రోజుల నుంచీ ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"మొదటి గంటలోనే చెప్పాను! మా సెక్యూరిటీ చీఫ్ గ్లేబ్ స్తనిస్లావొవిచ్‌కి. చూశాను, ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేవు, నోర్మూసుకో అన్నారు."

"ఆ రికార్డు ఇంకా ఉందా?"

నాయిల్ గోడ గడియారం వైపు చూశాడు. అతని మొహం పాలిపోయింది. "ఇవాళ మళ్లీ ఆట ఉంది. ఐదింటికి లైన్ తెరుస్తారు. కొత్తది దాని మీదే ఎక్కుతుంది. పాతది పోతుంది."

రెండున్నర దాటింది. రిమ్మా టోపీ తీసుకుంటూ లేచింది.

*

కెమెరాకి అసలు ఆ అద్దం కనబడుతుందో లేదో తేల్చుకోకుండా సోదాకి వెళ్లడం దండగ. అందుకని ముందు హాకీ స్టేడియానికే వెళ్లింది.

కామెంటరీ గది ఇరుకుగా ఉంది. ముందు గాజు గోడ, దాని అవతల కింద మంచు మైదానం. గాజుకి ఆనుకుని బల్ల, రెండు కుర్చీలు. గాజు గోడ పైన బిగించిన కెమెరా ఆ కుర్చీల వైపే చూస్తోంది. పక్క గోడకి తలుపు, ఆ పక్కనే కోట్లు తగిలించే మూల. షాద్రిన్ పడి ఉన్నది అక్కడే. కుర్చీల వెనక గోడకి ఇనుప కొయ్య మీద అటూ ఇటూ తిరిగే అద్దం. ప్రసారానికి ముందు జుట్టు సరిచేసుకోవడానికి పెట్టింది.

గదిలో ఇద్దరున్నారు. ఒకడు అర్సేనీ లూకిన్, చచ్చిపోయిన ఇన్నోకెంతీ పావ్లొవిచ్ షాద్రిన్ దగ్గర పదకొండేళ్లుగా రెండో కామెంటేటర్. రెండో మనిషి జోయా యుర్లోవా, కమ్‌సమోల్స్క్ నుంచి వచ్చిన కుర్ర రిపోర్టర్. ఇవాళ అర్సేనీ పక్కన కూర్చోబోయేది ఆమే.

"మళ్లీ వచ్చారా, రిమ్మా అర్కాద్యెవ్నా?" అర్సేనీ లేచి కుర్చీ జరిపాడు. గొంతు వెన్నలా ఉంది. "దొరికినవాడు దొరికాడు కదా. మమ్మల్ని పని చేసుకోనివ్వరా?"

"మీ పని మీది. నా పని నాది. ఆ రోజు మీరెక్కడున్నారు?"

"ఎన్నిసార్లు చెప్పను? కింద ఫలహారశాలలో. నాయిల్ అరుపు విని డాక్టర్‌తో కలిసి పైకొచ్చాను."

"ఫలహారశాలలో మిమ్మల్ని చూసినవాళ్లు?"

"నన్నా? షాద్రిన్ పక్కనుంటే నన్ను ఎవరు చూస్తారండీ, లేకపోయినా ఎవరు చూస్తారు!" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"అద్దం ఎవరు కప్పారు?"

"అద్దమా?" అతను కుర్చీ మీద లేని దుమ్ము దులిపాడు. "ఊడ్చే ఆవిడ కప్పి ఉంటుంది. ఎవరో ఒకరు కప్పుతారుగా."

రిమ్మా కెమెరా కిందికి వెళ్లింది. "ఇది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందా?"

"ఇదా? దాని నెత్తి మీద ఎర్రదీపం ఉంది చూశారా? డైరెక్టర్ మమ్మల్ని తెర మీదికి తీసుకున్నప్పుడే అది వెలుగుతుంది. అప్పుడు దేశమంతా చూస్తుంది. దీపం లేకపోతే అదొక ఇనప ముక్క. దాని ఎదురుగా ముక్కులో వేలు పెట్టుకున్నా అడిగేవాడు లేడు." అతను చిటికెన వేలు ముక్కు దాకా తీసుకెళ్లి చూపించాడు. జోయా మొహం తిప్పుకుంది.

టీవీ మనుషులకు దీపమే లోకం. దీపం వెనక ఎవరు తీగలు లాగుతారో, ఆ తీగల్లో ఏం పారుతుందో వాళ్లకి అనవసరం. ఆ లోకం నాయిల్‌లాంటి వాళ్లది.

రిమ్మా బల్ల మీద చెయ్యి ఆనించి కుర్చీ ఎక్కింది. గోడ మీద మేకులు చూస్తున్నట్టు నటిస్తూ తల కెమెరా పక్కన పెట్టింది. అక్కడి నుంచి కుర్చీలు కనిపిస్తున్నాయి. తలుపు, కోట్ల మూల కనిపించడంలేదు. కానీ అద్దం కనిపిస్తోంది. అది తలుపు వైపు వాలి ఉంది. ఆ వాలులో తలుపు మూలంతా అచ్చుగుద్దినట్టు కనబడుతోంది. ఆ మూలలో నిలబడిన అర్సేనీ మొహం కూడా కనబడుతోంది. అతను ఆమె వైపే రెప్పవేయకుండా చూస్తున్నాడు.

ఆమె తాపీగా కిందికి దిగింది.

"ఒక్క మాట. ఆయన తర్వాత ఈ కుర్చీ ఎవరిది?"

"ఇంకెవరిది?" అన్నాడు అర్సేనీ. "ఊళ్లో ఎవరినైనా అడగండి."

జోయా బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. సర్దాల్సినంత చిందరవందరగా అవి లేవు. రిమ్మాకు ఆమెను బయటికి పిలిచి నాలుగు మాటలు అడగాలనిపించింది. కానీ కొండ మీదికి దారంతా గడ్డకట్టి ఉంది. పైగా ఊరి బళ్లన్నీ ఆట కోసం ఇటే వస్తున్నాయి. కింద కాపలా ఉన్న సార్జంట్ గుసెవ్‌తో ఎక్కడికీ కదలొద్దని చెప్పి బండెక్కింది. జోయాను అడగకుండా వెళ్లడమే ఆమె చేసిన పొరపాటు.

*

కొండ మీద, నాయిల్ పనిచేసే సెవెర్‌లుచ్ సంస్థ ప్రసార కేంద్రం గుమ్మంలోనే సెక్యూరిటీ చీఫ్ గ్లేబ్ కొరెత్‌స్కీ ఎదురయ్యాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే విభాగంలో పనిచేశారు. అతను మంచి జీతం చూసుకుని ఇటొచ్చాడు. బొజ్జ పెరిగింది, గొంతు మాత్రం మారలేదు.

"ఏంటి రిమ్కా, ఇంత చలిలో?"

"రిమ్మా అర్కాద్యెవ్నా."

"సరే, అర్కాద్యెవ్నా. ఏం కావాలి?"

"మొన్నటి కామెంటరీ గది రికార్డు. ఇప్పుడే."

"దానికి మాస్కో నుంచి అనుమతి కావాలి."

"అడుగు."

గ్లేబ్ ఫోన్ చేసి, కాసేపటికి దించాడు. "చూశావుగా, ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఇప్పుడే తెల్లారింది, మా వాళ్లు ఆఫీసు తలుపు తీసేసరికి మనకు ఐదవుతుంది." అతను చేతులు చాపాడు. "ఈ దేశంలో మనం పొద్దున్నే లేచి ఏం లాభం చెప్పు? లేచి, మాస్కో లేచేదాకా కూర్చోవడమే."

"ఐదింటికి నువ్వు దాని మీద కొత్తది ఎక్కిస్తావు."

"నేనెక్కించను. యంత్రం ఎక్కిస్తుంది. అయినా దాంట్లో ఏముందని? నేను చూశాగా. రెండు ఖాళీ కుర్చీలు. గంటసేపు ఖాళీ కుర్చీలు!"

"గంటసేపూ చూశావా? ఒట్టేసి చెప్పు."

గ్లేబ్ మెడ ఎర్రబడింది. "తిప్పి చూశాను. వేగంగా."

"వేగంగా!" రిమ్మాకు చిర్రెత్తుకొచ్చింది. "ఒక మనిషి బతుకు నీ చేతిలో పెడితే బొమ్మలాట చూసినట్టు గిర్రున తిప్పి అవతల పడేశావన్నమాట. నీ చానెల్‌తో ఒప్పందం పోకూడదు. దొంగ తొందరగా దొరకాలి, ఆట ఆగకూడదు. నాయిల్ నీ మనిషే కదయ్యా! నీ సంస్థలో జీతం తీసుకునేవాడేగా!"

"నీతులు చెప్పకు. స్టాండు మీద ఎవరి వేళ్లున్నాయి? చేతికి రక్తం ఎవరికుంది? వాణ్ణి పట్టుకొచ్చింది నువ్వు, నేను కాదు!"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. రిమ్మా సంచిలోంచి కాగితం తీసి, గోడకి ఆనించి, నిలబడే గబగబా రాసింది. ఆలస్యం చేస్తే ఆధారం నాశనమవుతుంది కనుక న్యాయమూర్తి ఉత్తర్వు లేకుండానే సోదా చేస్తున్నాను, బాధ్యత నాది. కింద సంతకం గీకి అతని చేతిలో పెట్టింది.

"రేపు న్యాయమూర్తికి నేను సమాధానం చెప్పుకుంటాను. ఏమీ దొరక్కపోతే నా ఉద్యోగం ఊడుతుంది. అప్పుడు వచ్చి ఎంత నవ్వాలనుకుంటే అంత నవ్వు. ఇప్పుడు తప్పుకో."

గ్లేబ్ కాగితాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివాడు. పోలీసు బుర్ర ఇంకా పూర్తిగా చావలేదు కాబోలు, పక్కకి జరిగాడు.

లోపల గోడ నిండా తెరలు. షిఫ్టులో ఉన్న ఇంజినీర్ ఫొమిన్ డబ్బాలోంచి బక్‌వీట్ జావ తింటున్నాడు. విషయం చెప్పగానే చెంచా జావలోనే వదిలేశాడు. "నాయిల్ కోసమా? ముందే అడగొచ్చు కదండీ! ఈ పదహారు బొమ్మల్లో ఖాళీ కుర్చీ వైపు ఎవడు చూస్తాడు? నేనూ చూడలేదు," అంటూ మీటలు నొక్కాడు.

ఐదుకి పావుగంట లోపే ఉంది. తెర మీద కామెంటరీ గది వచ్చింది. ధ్వని లేదు. ఆ రోజు మైకులు ఇంకా తగిలించలేదు. రెండు కుర్చీలు, వెనక గోడ, చివర్న అద్దం.

"తిప్పొద్దు. ఉన్నదున్నట్టు నడవనీ," అంది రిమ్మా. "అంత సమయం లేదండీ," అన్నాడు ఫొమిన్. "అయితే అద్దం మీద మఫ్లర్ ఉన్న చోటు నుంచి వెనక్కి రా."

వెనక్కి వచ్చాడు. మఫ్లర్ ఉంది. ఉంది. ఇంకా ఉంది. టక్కున లేదు.

"ఆపు. ఇక్కడి నుంచి ముందుకు. మెల్లగా. ఆ అద్దాన్ని పెద్దది చెయ్."

అద్దం తెరంతా పరుచుకుంది. మసకగా కోట్లు తగిలించిన మూల కనిపిస్తోంది. అందులోకి ఒక మొహం వచ్చింది. తడి మొహం. పెదాలు కదులుతున్నాయి, ఏదో జపిస్తున్నట్టు. ఒక చెయ్యి నీలం మఫ్లర్ ఎత్తింది. ఆ మనిషి అద్దంలో తన్ను తాను చూడలేక కళ్లు మూసుకున్నాడు. మఫ్లర్ పడింది. ఆ తర్వాత మళ్లీ రెండు ఖాళీ కుర్చీలే.

అర్సేనీ లూకిన్.

గ్లేబ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఏడుస్తున్నాడు," అన్నాడు. "చంపి, ఏడుస్తున్నాడు వెధవ."

"ఇది ఎక్కడైనా భద్రం చెయ్, ఫొమిన్. త్వరగా."

ఫొమిన్ వేళ్లు పరిగెత్తాయి. నకలు సగానికి వచ్చింది. అంతలో గంట మోగింది, తెర నల్లబడింది. "పోయింది," అన్నాడు ఫొమిన్. "లైన్ తెరుచుకుంది. సగం నకలు... సగం నకలు తెరుచుకోదండీ. మఫ్లర్ ముక్క పోయింది."

ముగ్గురు చూశారు, అంతే. కోర్టులో న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న రిమ్మా చెవుల్లో అప్పుడే వినబడింది. ఏదీ, చూపించండి?

అదే తెర మీద ఇప్పుడు కొత్త బొమ్మ వచ్చింది. అదే గది. ఈ కుర్చీలు ఖాళీగా లేవు. ఒకదాంట్లో జోయా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. అర్సేనీ కూడా చెవిలో ఇయర్‌ఫోన్‌తో ఆమె వెనక నిలబడ్డాడు. ఈసారి మైకులు పనిచేస్తున్నాయి.

"...మీకు ముందే చెప్పాలనుకున్నాను, అర్సేనీ ల్వోవిచ్," అంటోంది జోయా. "ఇన్నోకెంతీ పావ్లొవిచ్ ఆ రోజు పొద్దున్న నాకు ఫోన్ చేశారు. ఈ ఏడాదితో మానేస్తున్నానన్నారు. తన కుర్చీ నాకు ఇమ్మని చానెల్‌కి చెబుతానన్నారు. నేను అడగలేదు, ఒట్టు. మీకు కూడా ఆ రోజే చెబుతానన్నారు. చెప్పారా?"

"లేదు," అన్నాడు అర్సేనీ. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. ఆ పోలీసావిడ అడిగితే చెప్పేదాన్నే, అడగలేదు. ఆట అయ్యాక వెళ్లి చెబుదామని..."

"చెప్పు, చెప్పు. చెప్పాల్సిందే." అతను తెర లోంచి తప్పుకున్నాడు. తాళం తిరిగిన చప్పుడు లైన్‌లో స్పష్టంగా వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో మైకు తీగ ఉంది. దాన్ని రెండు గుప్పెళ్లకీ చుట్టుకుంటున్నాడు. జోయా కాగితం చదువుకుంటోంది. కెమెరా నెత్తి మీద దీపం వెలగలేదు కనుక ఈ ప్రపంచంలో తనను చూసేవాళ్లు ఎవరూ లేరనే అతని నమ్మకం.

"గుసెవ్!" రిమ్మా ఫోన్‌లో అరిచింది. "కామెంటరీ గది! తలుపు పగలగొట్టు!"

"జనం మెట్ల నిండా ఉన్నారు, మేడమ్, పరిగెత్తుతున్నా..."

పరిగెత్తినా చాలదు. ఆమె ఫొమిన్ భుజం పట్టుకుంది. "వాళ్ల చెవుల్లోకి నేను మాట్లాడొచ్చా?"

"ఈ మీట ఆమెకి, ఇది అతనికి."

"ఆ దీపం ఎవరు వెలిగిస్తారు?"

"కింద ప్రసార బండిలో డైరెక్టర్. కానీ ప్రసారం ఏడింటికి కదండీ..."

"ప్రసారం వద్దు. దీపం చాలు. నన్ను డైరెక్టర్‌కి కలుపు."

డైరెక్టర్ పళ్లు నూరాడు. ఆటకి రెండు గంటల ముందు దీపమేంటి, ఎవరికి పిచ్చెక్కింది, ఆవిడ ఎవరు అసలు? గ్లేబ్ రిమ్మా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "నేను కొరెత్‌స్కీని! చెప్పింది చెయ్యరా! అతనితో చెప్పు, మాస్కో వార్తలవాళ్లు అడుగుతున్నారు, షాద్రిన్ గురించి రెండు మాటలు కావాలి, ఇప్పుడే, లైవ్‌లో! ఏదైనా అయితే నా తలకాయ తీసుకో!"

రిమ్మా జోయా మీట నొక్కింది. "జోయా, నేను రిమ్మాని. తల తిప్పకు. వెనక్కి చూడకు. ఎర్రదీపం వెలిగాక లేచి, మెల్లగా వెళ్లి తలుపు తాళం తియ్. అతను నిన్ను చూడడు."

జోయా కాగితం మీది నుంచి చూపు ఎత్తలేదు. తీగ ఆమె తల మీదుగా వస్తోంది.

దీపం వెలిగింది.

ఒక మనిషి ఒళ్లు అలా మారిపోవడం రిమ్మా జన్మలో చూడలేదు. తీగ చేతుల్లోంచి జారిపోయింది. అర్సేనీ కుర్చీలో కూర్చున్నాడు, షాద్రిన్ కుర్చీలో. టై సరిచేసుకున్నాడు. మొహం నిండా విచారం నిండిన చిరునవ్వు వచ్చింది.

"నమస్కారం, ప్రియమైన ప్రేక్షకులారా. హబరోవ్స్క్ నుంచి అర్సేనీ లూకిన్. ఇవాళ మనందరి గుండె బరువెక్కిన రోజు..."

పక్కన జోయా లేచింది. అతను చూడలేదు. దేశం తనవైపు చూస్తుండగా పక్కకి చూసే అలవాటు అతనికి లేదు.

రిమ్మా రెండో మీట నొక్కింది. గొంతు తగ్గించి, పనిలో మునిగిన టీవీ మనిషిలా మాట్లాడింది. "బాగుంది. ఆయన గురించి చెప్పండి. మీకు ఏమయ్యేవారు?"

"ఆయన నాకు తండ్రి," అన్నాడు అర్సేనీ. "పదకొండేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన దగ్గినప్పుడు మాట అందుకున్నాను. ఆయన టీలో ఎన్ని చెంచాల చక్కెర వెయ్యాలో ఆయన భార్యకంటే నాకే తెలుసు."

"ఆఖరి రోజు మీతో ఏమన్నారు?"

చిరునవ్వు ఒక పక్క జారింది. అయినా దీపం వెలుగుతూనే ఉంది. దీపం వెలుగుతుండగా మౌనం పనికిరాదని నేర్పింది కూడా ఆ ముసలాయనే అయ్యుంటాడు.

"గొంతు బాగుంటుందిరా అన్నారు. కానీ నువ్వు మాట్లాడితే నువ్వే కనబడతావు, ఆట కనబడదు అన్నారు. ఆ పిల్ల మాట్లాడితే ఆట కనబడుతుందట. నవ్వుతూ అన్నారు. కోటు తగిలిస్తూ, నా వైపు తిరగనైనా తిరగకుండా." అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఒక్కసారే కొట్టాను. ఒక్కసారే. మళ్లీ లేస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను. లేవలేదు... ప్రియమైన ప్రేక్షకులారా, లేవలేదు. మఫ్లర్ తీసి అద్దం కప్పాను. ఇంకేం చేయగలను?"

తాళం తిరిగింది. జోయా బయటపడింది. గుసెవ్, అతని వెనక మరొకడు లోపలికొచ్చి ఆగిపోయారు. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఎలా పట్టుకోవాలో వాళ్లకి తోచలేదు.

అప్పుడు అర్సేనీ చూపు బల్ల మీది చిన్న తెర మీద పడింది. దేశమంతా ఆ క్షణంలో ఏం చూస్తోందో చూపించే తెర అది. దాంట్లో ఒక పిల్లాడు పెరుగు తింటూ ఎగురుతున్నాడు. ఏదో ప్రకటన.

అర్సేనీ ఆ పిల్లాణ్ణే కాసేపు చూశాడు. మళ్లీ తలెత్తి కెమెరాలోకి చూశాడు. సార్జంట్ చెయ్యి భుజం మీద పడినా పట్టించుకోలేదు.

"నేను లైవ్‌లో లేనా?" అన్నాడు. అంత పెద్ద గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "నన్ను ఎవరూ చూడలేదా?"

రిమ్మా మీట నొక్కింది. ఇప్పుడిక నటించాల్సిన పని లేదు.

"లేదు, అర్సేనీ. మేం ముగ్గురమే చూశాం. కానీ రికార్డయింది."

అతను బల్ల మీద తల వాల్చి బావురుమన్నాడు. హత్య ఒప్పుకున్నప్పుడు కూడా అతను అలా ఏడవలేదు.

ఫొమిన్ ఈసారి పూర్తి నకలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. గ్లేబ్ ఎవరి వైపూ చూడకుండా తన బండి తాళాలు ముందుకు చాచాడు. "నాది పెద్ద బండి. మంచు మీద జారదు. ఆరు లోపల కోర్టుకి నేను చేరుస్తాను. నాయిల్‌కి... నాయిల్‌కి ఆ మాట నేనే చెప్పనా?"

"ఏ మాట?"

"గిర్రున తిప్పానని."

"చెప్పు," అంది రిమ్మా, కోటు గుండీలు పెట్టుకుంటూ. "కానీ ముందు వాణ్ణి బయటికి రానీ. పద, నడుపు."